సంచిలో చుక్క పడకపోతే తెల్లారేదాకా ఆగొద్దు

మీ ఇంట్లో మూత్రానికి పైపు వేసిన పెద్దాయనో పెద్దమ్మో ఉంటే ముందు ఈ ఒక్క మాట వినండి. సంచిలో రెండు మూడు గంటలుగా చుక్క పడలేదు, పొత్తికడుపు ఉబ్బి గట్టిపడింది, మనిషి నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు అంటే అది అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాల్సిన పని. హైదరాబాదులో ఉన్న కొడుకు బస్సు దిగేదాకా ఆగే పని కాదు. వీధి చివర ఆర్‌ఎంపీ తలుపు తీసేదాకా ఆగే పని కూడా కాదు. అర్ధరాత్రి రెండు గంటలైనా సరే, 108కి ఫోన్ చేయాలి.

కర్నూలులోని కల్లూరుకు ఇది ఇప్పుడే ఎందుకు చెప్పాలంటే ఎండాకాలం కాబట్టి. ఉగాదికి చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురదలో బండ్లు తిరిగేనాటికే ఇక్కడ ఎండ ముదిరిపోతుంది. మే నెలలో 42, 43 డిగ్రీలంటే కర్నూలు వాళ్లకు వింతేమీ కాదు. ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, మూత్రం చిక్కబడుతుంది, పైపులో మడ్డి పేరుకుంటుంది. పైగా చాలా ఇళ్లల్లో ఒక తెలివి తక్కువ పొదుపు నడుస్తుంది: నీళ్లు ఎక్కువ తాగిస్తే సంచి ఎక్కువసార్లు వంచాలని గ్లాసు తగ్గిస్తారు. చేసేది కూడా ఎవరో కాదు, డెబ్బై ఏళ్ల భార్యే. నడుము వంగదు, మోకాళ్లు సహకరించవు, రాత్రి నిద్ర ఉండదు. ఆమెను తప్పుపట్టడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు కాబట్టి రాస్తున్నాం.

ఈ పైపును 1930లలో అమెరికా మూత్రవ్యాధుల వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ రూపొందించాడు. అందుకే డాక్టర్లు ఫోలీస్ అంటారు. లోపలి కొసన ఒక చిన్న బుడగ ఉంటుంది. అందులో సాధారణంగా 10 మిల్లీలీటర్ల దాకా శుభ్రమైన నీళ్లు ఎక్కిస్తారు. ఆ బుడగే పైపు జారిపోకుండా మూత్రాశయంలో ఆపుతుంది. బయట పైపు రెండు పాయలుగా చీలి కనిపిస్తుంది. ఒక పాయ సంచికి పోతుంది. రెండో పాయ చివర రంగు మూత ఉంటుంది. ఆకుపచ్చ అయితే 14 నంబరు పైపు, నారింజ అయితే 16, ఎరుపు అయితే 18. ఈ రంగు మూత బుడగది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, దాంట్లోంచి నీళ్లు పంపకూడదు. పైపు నంబరు అడిగితే చెప్పడానికి మాత్రం ఈ రంగు గుర్తు పెట్టుకోండి. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఆ ఒక్క ముక్క ఎంతో పని చేస్తుంది.

ఇక పైపు ఆగిందనుకున్నప్పుడు ఏం చూడాలో చెబుతాం. దుప్పటి పూర్తిగా తీసేయండి. లైటు వేయండి. పైపు ఒంట్లోంచి బయటికొచ్చిన చోట రెండు వేళ్లు పెట్టి, సంచిదాకా మెల్లగా తడుముకుంటూ పోండి. పదింట ఆరుసార్లు అనో ఏడుసార్లు అనో లెక్కలు చెప్పలేం గానీ, చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. తొడ కింద పైపు నలిగి ఉంటుంది. పక్కకు ఒత్తిగిల్లినప్పుడు మెలిపడి ఉంటుంది. లుంగీ ముడి కింద బిగుసుకుని ఉంటుంది. సంచి నిండి, ఇక పడడానికి చోటు లేక ఉంటుంది. లేదా సంచిని మంచం మీదే, మనిషి పక్కన పెట్టి ఉంటారు. మూత్రం పల్లానికి పారాలి కాబట్టి సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. మంచం పట్టెకు కట్టండి, నేలకు మాత్రం తాకనివ్వొద్దు. మెలిక సరిచేసి, మనిషిని అటుపక్కకు ఒకసారి ఇటుపక్కకు ఒకసారి తిప్పి, సంచిని కిందికి దించగానే బుడబుడమని పారితే గండం గడిచినట్టే. ఎంత వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో చూసుకోండి.

పారకపోతే అంతటితో మీ పని అయిపోయింది. ఇక డాక్టరు పనే.

ఇక్కడే మనవాళ్లు ఆగరు. పొత్తికడుపు మీద గట్టిగా నొక్కి చూస్తారు. నిండిపోయిన మూత్రాశయాన్ని అలా నొక్కితే మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. పైపును కొంచెం లాగి చూస్తారు. లోపల బుడగ నిండుగా ఉండగా లాగితే మూత్రనాళం చీలి నెత్తురు కారుతుంది. మందుల షాపులో సిరంజి తెచ్చి మంచినీళ్లు ఎక్కిస్తారు. కొంతమందికి పైపు కడగడం డాక్టరే నేర్పి పంపిస్తారు, అలాంటివారు నేర్పిన పద్ధతిలో, చెప్పిన ద్రవంతోనే చేసుకోవచ్చు. నేర్పనివాళ్లు చేస్తే బోరు నీళ్లలోని క్రిములు నేరుగా లోపలికి పోతాయి. అన్నింటికంటే ప్రమాదం పైపును కత్తిరించడం. కత్తిరిస్తే బుడగ దానంతట అదే దిగిపోతుందని ఒక నమ్మకం ఉంది. దిగకపోవచ్చు, కొన్నిసార్లు పైపు ముక్క లోపలికి జారిపోతుంది. అప్పుడు ఆపరేషన్ థియేటరే గతి.

పైపు ఎందుకు పూడుకుంటుందంటే కల్లూరులో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: బోరు నీళ్ల ఉప్పు. ఉప్పును అంతగా తిట్టక్కర్లేదు, అసలు దోషి ప్రోటియస్ లాంటి క్రిములు. మూత్రంలో ఉండే యూరియాను ఇవి విరగ్గొట్టి అమోనియా పుట్టిస్తాయి. దాంతో మూత్రం క్షారంగా మారి, అందులోని మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేటులు గట్టిపడి పైపు గోడలకు అంటుకుంటాయి. మార్చిన పాత పైపు కొసను వేళ్ల మధ్య నలిపి చూస్తే సన్నటి ఇసుక రాపిడి తెలుస్తుంది. నీళ్లు సరిగా తాగితే మూత్రం పలచబడి ఈ పూడిక నెమ్మదిస్తుంది. నిమ్మరసం కలిపిన నీళ్లు మంచివే, షుగరున్నవాళ్లకు చక్కెర లేకుండా ఇవ్వండి. పలచటి మజ్జిగ, రాగి అంబలి కూడా లెక్కలోకి వస్తాయి. గుండె బలహీనమైనవారికి, కిడ్నీ జబ్బున్నవారికి రోజుకు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. మిగతావారికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా పట్టించాలి. సంచిలో రంగు లేత గడ్డి రంగులో ఉందా, ముదురు టీ డికాక్షన్ రంగులోకి దిగిందా అన్నదే రోజూ చూసుకోవాల్సిన గుర్తు.

పూడిక గురించి ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. కొందరి ఒళ్లు పూడిక ఒళ్లు. మామూలు రబ్బరు పైపును రెండు నుంచి నాలుగు వారాలకు, సిలికాన్ పైపును 12 వారాల లోపు మార్చమంటారు. అందరికీ ఆ లెక్క కుదరదు. ఒకాయనకు ప్రతిసారీ ఇరవయ్యో రోజుకే ఆగిపోతుంటే, నెలదాకా ఆగమని చెప్పడంలో అర్థం లేదు, ఆయనకు పదిహేనో రోజే మార్చాలి. ఈ సంగతి డాక్టరుకు తెలియాలంటే ఇంట్లో రాత ఉండాలి. గోడకు వేలాడే వెంకట్రామా క్యాలెండర్ చాలు. పైపు వేసిన తారీఖు దగ్గర "పైపు, 16, సిలికాన్" అని, ఆగిన తారీఖు దగ్గర "ఆగింది" అని రాయండి. మూడుసార్లు రాసేసరికి ఆ మనిషి లెక్క మీకే కనిపిస్తుంది. ఆసుపత్రికి ఆ కాగితాలు తీసుకుపోండి. పాల లెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన తారీఖు రాసుకునే ఇంట్లో ఇది పెద్ద కష్టమేం కాదు.

మూత్రం సంచిలోకి రాకుండా పైపు పక్కనుంచి కారి పక్క తడిసిపోతుంటే చాలామంది "పైపు చిన్నదైంది, పెద్దది వేయండి" అని పోరుతారు. వద్దు. పైపు పూడుకున్నా పక్కనుంచి కారుతుంది, మూత్రాశయం పట్టేసినట్టు ముడుచుకుపోయినా కారుతుంది. పెద్ద పైపు, పెద్ద బుడగ వేస్తే ఆ ముడుచుకోవడం ఇంకా పెరుగుతుంది. ముందుగా అడగాల్సిన ప్రశ్న ఏంటంటే విరేచనం అయి ఎన్నాళ్లయింది? పేగులో గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని, పైపును నొక్కుతుంది. మంచాన పడ్డ మనిషికి మూడు రోజులుగా విరేచనం లేకపోతే పైపు బాధకు సగం మందు అక్కడే ఉంది. మూత్రాశయం పట్టు తగ్గించే మాత్రలు ఉన్నాయి గానీ, వాటిలో కొన్ని ముసలివారికి మలబద్ధకాన్ని, మతిమరుపు అయోమయాన్ని తెచ్చిపెడతాయి. షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావవి.

ఇప్పుడు జ్వరం సంగతి. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక పెద్దమ్మ మాటలు రాయలసీమలో ఎవరికైనా వినబడినవే: "నిన్నటి సంది ఏందేందో మాట్లాడ్తాండాడు. చచ్చిపోయిన వాళ్లమ్మను పిలుస్తాండాడు. వయసైపోయింది కదా, అట్లనే ఉంటాదిలే అనుకుంటిమి." అలా అనుకోవద్దు. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడిన మనిషి ఒక్కరోజులో తికమకగా మాట్లాడుతున్నాడంటే, పగలంతా మగతగా పడుకుంటున్నాడంటే, అన్నం తినమంటే మొహం తిప్పుకుంటున్నాడంటే అది చాదస్తం కాకపోవచ్చు. మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన గుర్తు కావచ్చు. ముసలి ఒంట్లో జ్వరం బాగా పెరగకపోవచ్చు కూడా. చలి వణుకు, ఎగశ్వాస, నాలుక తడారిపోవడం, చేతులు కాళ్లు చల్లబడడం, బీపీ పడిపోవడం, ఇవి కనిపిస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పారాసెటమాల్ వేసి దుప్పటి కప్పి చూద్దాం అనే పని అసలే పెట్టుకోవద్దు.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఇంకో తప్పు జరుగుతుంది. మనిషి బాగానే ఉంటాడు. మూత్రం కొంచెం మబ్బుగా ఉందని, వాసనొస్తోందని పరీక్ష చేయిస్తారు. కాగితంలో చీము కణాలు, క్రిములు అని వస్తుంది. వెంటనే ఐదు రోజులు ఇంజెక్షన్లు. ఇది ఖర్చూ దండగ, ప్రమాదం కూడా. నెల రోజులు పైపు ఉన్న ఎవరి మూత్రంలోనైనా క్రిములు ఉంటాయి, దాదాపు అందరికీ ఉంటాయి. పైపు లోపలి గోడకు అవి జిగురుపొరలా పట్టుకుని కూర్చుంటాయి, ఆ పొరను మందు సరిగా చేరలేదు. జ్వరం, వణుకు, నొప్పి, అయోమయం లేకుండా కాగితం చూసి యాంటీబయాటిక్ వాడితే మామూలు క్రిములు చచ్చి మొండివి మిగులుతాయి. రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు ఏ మందూ పనిచేయదు. నిజమైన ఇన్ఫెక్షన్ అయితే, పైపు రెండు వారాలు దాటినదైతే ముందు దాన్ని మార్చాలి, కొత్త పైపులోంచి వచ్చిన మూత్రాన్నే కల్చర్ పరీక్షకు పంపాలి. సంచిలోంచి పట్టిన మూత్రం ఎందుకూ పనికిరాదు. "పైపు మార్చినాక శాంపిల్ తీస్తారా సార్" అని అడగడానికి మొహమాటపడొద్దు.

కొన్ని ఇళ్లల్లో సంచి ఊదా రంగులోకి మారి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. చేతబడి అనుకున్నవాళ్లున్నారు, నిమ్మకాయలు తిప్పినవాళ్లూ ఉన్నారు. వైద్యులు దీన్ని 1978లోనే వైద్య పత్రికల్లో నమోదు చేశారు. మలబద్ధకం ఉన్నవాళ్లల్లో, ఎక్కువగా మంచాన పడ్డ ఆడవాళ్లల్లో, పేగుల్లో తయారైన ఒక పదార్థం కాలేయం గుండా మూత్రంలోకి వస్తుంది. దాన్ని క్రిములు విరగ్గొట్టి నీలం, ఎరుపు రంగులుగా మారుస్తాయి. ఆ రెండూ కలిసి ప్లాస్టిక్ సంచికి ఊదా అద్దుతాయి. ఆ నీలం ఎక్కడిదో కాదు, ఒకప్పుడు కడప, కర్నూలు జిల్లాల్లో విస్తారంగా పండించి ఓడలకెక్కించిన నీలిమందులోని రంగే అది. రంగు చూసి భయపడక్కర్లేదు. పైపు, సంచి మార్పించి, మలబద్ధకం సరిచేస్తే పోతుంది. జ్వరం కూడా ఉంటే మాత్రం పైన చెప్పిందే వర్తిస్తుంది.

ఇక సిగ్గుపడి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. దీన్ని పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించొచ్చు. మగవాళ్లకు సున్తీ లేకపోతే, పైపు ఉన్నచోట శుభ్రం చేసేటప్పుడు ముందుచర్మాన్ని వెనక్కి లాగి కడగాలి. కడిగాక దాన్ని మళ్లీ ముందుకు తీసుకొచ్చి యథాస్థానంలో పెట్టాలి. పెట్టకపోతే ఆ చర్మం వెనకే బిగుసుకుని, ముందుభాగం వాచి, రక్తం ఆడక నల్లబడుతుంది. కొన్ని గంటల్లో ఇది ఆపరేషన్ దాకా పోయే అత్యవసరం. పైపు వేసిన నర్సు మరచిపోయినా ఇదే జరుగుతుంది. కాబట్టి పైపు మార్చుకుని ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒకసారి చూడండి. వాచి, చర్మం ముందుకు రాకపోతే వెనక్కి తిరిగి ఆసుపత్రికే పోండి. యాభై ఏళ్లు కాపురం చేసినా భర్త ఒంటిని వెలుతురులో చూడని ఆడవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. భార్యకు పైపు వేస్తే ఏం చేయాలో తెలియక గుమ్మం బయటే నిలబడిపోయే మగవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లకైతే ముందునుంచి వెనక్కి తుడవాలి, వెనకనుంచి ముందుకు ఎప్పుడూ వద్దు. కోడలు చేయదు, కూతురు దూరాన ఉంది. ఇక మిగిలింది వాళ్లిద్దరే. సిగ్గు పక్కన పెట్టక తప్పదు.

శుభ్రానికి మామూలు సబ్బు, నీళ్లు రోజుకొకసారి చాలు. డెట్టాల్ పోయొద్దు, పౌడరు చల్లొద్దు, పసుపు రాయొద్దు. సంచి ముట్టుకోకముందు చేతులు కడగాలి, ముట్టుకున్నాక కూడా. మనవాళ్లు తర్వాత మాత్రమే కడుగుతారు. సంచి మూడింట రెండు వంతులు నిండగానే కింది కొళాయి తిప్పి వంచాలి, ఆ కొళాయి మగ్గు అంచుకు తగలకూడదు. ఆ మగ్గు దానికే ఉండాలి, స్నానానికి వాడేది కాకూడదు. పైపుకూ సంచికీ మధ్య ఉన్న అతుకు ఊరికే ఊడదీస్తుంటే క్రిములకు తలుపు తెరిచినట్టే. పైపును తొడకు ప్లాస్టరుతో, కొంచెం వదులుగా అతికించాలి. అలా చేస్తే ఒత్తిగిల్లినప్పుడు లోపల బుడగ గుంజదు. మతి స్థిమితం లేని పెద్దాయన రాత్రి పైపు పీకేసుకోకుండా కూడా ఇది కొంత కాపాడుతుంది. పీకేసుకుంటే మళ్లీ లోపలికి తోయొద్దు. శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి ఆసుపత్రికి తీసుకుపోండి, పీకిన పైపును కూడా ఒక కవరులో వేసి తీసుకెళ్లండి, బుడగ ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో డాక్టరు చూస్తారు.

ప్రయాణం గురించి ఒక మాట. పర్ల నుంచో ఉలిందకొండ నుంచో కర్నూలు పెద్దాసుపత్రికి ఆటోలో తెచ్చేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు మూత్రం సంచిని సెలైన్ సీసాలాగా పైకెత్తి పట్టుకోవడం రోజూ చూస్తున్నదే. సెలైన్ ఒంట్లోకి ఎక్కాలి, ఇది ఒంట్లోంచి దిగాలి. పైకెత్తితే సంచిలోని మురికి తిరిగి లోపలికి పోయే ప్రమాదం ఉంది. ఎక్కేముందు సంచి వంచేసి, మోకాలి కింద పట్టుకోండి.

వెన్నుపూస దెబ్బతిని ఛాతీ నుంచి కిందికి స్పర్శ పోయినవారు ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త. వాళ్లకు పైపు ఆగితే పొత్తికడుపు నొప్పి తెలియదు. దాని బదులు ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడడం, చెమటలు. బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. వెంటనే లేపి కూర్చోబెట్టండి, పైపు మెలిక చూడండి, 108 పిలవండి. ఆ తలనొప్పికి మాత్ర వేసి పడుకోబెడితే మెదడులో రక్తనాళం చిట్లొచ్చు.

ఇంత చెప్పాక ప్రభుత్వాన్ని అడగకుండా వదిలేస్తే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. మంచాన పడ్డ వృద్ధుల ఇళ్లకు ఆరోగ్య సిబ్బంది పోవాలని, చూసుకునే ఇంటివాళ్లకు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, సచివాలయం ఉద్యోగి ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి వేలిముద్ర వేయించుకుంటున్నాడు. అంటే ఏ వీధిలో, ఏ గడపలో మంచాన పడ్డ మనిషి ఉన్నాడో ప్రభుత్వం దగ్గర పేరుతో సహా జాబితా ఉంది. ఆ జాబితా పట్టుకుని ఒక ఏఎన్‌ఎం నెలకు రెండుసార్లు అదే గడపకు పోయి పైపు చూడడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. కల్లూరు కర్నూలు కార్పొరేషన్‌లో కలిసిన ఊరు. పల్లెకు ఉన్న ఆరోగ్య కార్యకర్త పట్టణానికి వచ్చేసరికి ఎవరి బాధ్యతో తెలియని స్థితి ఉండకూడదు.

ఆసుపత్రులు చేయాల్సింది ఇంకా చిన్నది. పైపుతో ఇంటికి పంపే ప్రతి మనిషి చేతిలో ఒక తెలుగు కార్డు పెట్టాలి: పైపు నంబరు, రకం, బుడగలో ఎన్ని మిల్లీలీటర్లు, వేసిన తారీఖు, మార్చాల్సిన తారీఖు, ఎందుకు వేశారు, ఎప్పుడు తీస్తారు. ఈ చివరి ప్రశ్నే అన్నింటికంటే పెద్దది. ప్రొస్టేట్ వాపుతో మూత్రం బిగుసుకుపోయి పైపు వేయించుకున్న పెద్దాయనకు కొన్నాళ్లు మాత్రలు వాడి, పైపు తీసి చూస్తే చాలాసార్లు మూత్రం సొంతంగానే వస్తుంది. రాకపోతే ఆపరేషన్ ఉంది. ప్రభుత్వ పథకంలో అది ఉచితంగా అవుతుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కొందరికి రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టంతో మూత్రం తీసేసే పద్ధతి కుదురుతుంది, అది పర్మనెంటు పైపు కంటే ఎన్నో రెట్లు నయం. ఎవరూ అడగక, ఎవరూ చెప్పక, ఆరు వారాల కోసం వేసిన పైపు రెండేళ్లు ఉండిపోతుంది. కొన్ని పైపులను ఇంట్లోవాళ్లు మార్పించడమే మరచిపోతారు, బుడగ చుట్టూ రాయి కట్టి, చివరికి ఆ రాయిని పగలగొట్టి తీయాల్సి వస్తుంది.

పైపు మార్చడానికి ఇంటికొచ్చే ఆర్‌ఎంపీ, కాంపౌండరు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అందరూ చేతకానివాళ్లని అనడం లేదు. చాలా ఊళ్లల్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచేది వాళ్లే. కానీ మూత్రం పారడం చూడకుండా బుడగ నింపితే అది మూత్రాశయంలో కాక నాళం మధ్యలోనే ఉబ్బుతుంది, నాళం చీలిపోతుంది. పైపు దిగనప్పుడు బలవంతం చేసినవాళ్ల చేతిలో నెత్తురు కారిన మనుషులు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి చేరుతుంటారు. మొదటిసారి వేసే పైపు, గతంలో కష్టంగా దిగిన పైపు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల పైపు, ఈ మూడింటినీ ఇంట్లో మార్పించవద్దు. పైపు మార్చాక ఒకటి రెండు రోజులు లేత గులాబీ రంగు కనిపించడం మామూలే. గడ్డలు పడుతున్నా, ఎర్రగా నెత్తురే దిగుతున్నా ఆగకూడదు.

108 ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోన్ చేసినప్పుడు "ఆయనకు బాగలేదు" అని ఊరుకోవద్దు. "మూత్రానికి పైపు ఉంది, ఇన్ని గంటలుగా చుక్క రాలేదు, పొత్తికడుపు ఉబ్బింది" అనో, "పైపు ఉంది, చలి వణుకు వచ్చింది, మనిషి అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నాడు" అనో సూటిగా చెప్పండి. ఇల్లు చెప్పేటప్పుడు గుడో మసీదో రేషన్ షాపో ఆనవాలు చెప్పి, వీధి చివర ఒకరిని నిలబెట్టండి. వాడుతున్న మందుల చీటీలు, ముఖ్యంగా గుండెకు, పక్షవాతానికి ఇచ్చిన రక్తం పలచబరిచే మాత్రల స్ట్రిప్పు, క్యాలెండరు కాగితం, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టి తలుపు వెనక మేకుకు ఈ రోజే తగిలించండి. వాహనం వచ్చేలోపు ఏదైనా తినిపించడం, టీ తాగించడం చేయొద్దు, పైపును లాగొద్దు, తొలగించొద్దు.